బోయాలో నేను పెట్టిన డేటా చెకింగ్ వరద నీటిని ఆరు రోజులు దాచేసింది. ఎక్కడ తప్పు చేశాను?

బోయా_పిల్ల

అందరికీ నమస్తే. నేను కాకినాడలో ఒక చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రామ్) రాస్తాను. చిన్న అంటే మొత్తం ముగ్గురం. ఉప్పాడ వైపు, తీరానికి రెండు కిలోమీటర్ల దూరంలో మా బోయా ఒకటి తేలుతోంది. పసుపు డ్రమ్ము, పైన సోలార్ ప్లేటు, నీళ్ల కింద మీటరు లోతులో మూడు సెన్సర్లు: ఉష్ణోగ్రత, వాహకత, కరిగిన ఆక్సిజన్. వాహకత (నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో) నుంచే ఉప్పదనం లెక్క కడతాం, అంటే కిలో నీళ్లలో సుమారు ఎన్ని గ్రాముల ఉప్పుందో. పావుగంటకోసారి రీడింగ్ తీసి సిమ్ కార్డు ద్వారా సర్వర్‌కి పంపుతుంది. ఈ డేటా తీసుకునేది రొయ్య పిల్లల హేచరీలు. సముద్రం నీళ్లు ఎప్పుడు తోడుకోవాలో మా స్క్రీన్ చూసుకుని మోటార్ వేస్తారు.

మొదటి నెలలో చెత్త రీడింగ్‌లు చాలా వచ్చేవి. అల పెద్దదైతే సెన్సర్ గొట్టంలోకి గాలి బుడగ దూరి ఉప్పదనం ఒక్కసారిగా 3, 4కి పడిపోయేది. కస్టమర్ దగ్గర పరువు పోతోందని బోయాలోనే రెండు రూల్స్ రాశాను. ఒకటి, ఉప్పదనం 15 నుంచి 38 మధ్య లేకపోతే పారెయ్. రెండు, ముందు పంపిన విలువకీ దీనికీ తేడా 3 దాటితే పారెయ్. డేటా చార్జీలు కూడా కలిసొస్తాయి కదా అనుకున్నా. గ్రాఫ్ అద్దంలా తయారైంది. మా బాస్ లాప్‌టాప్ తిప్పి అందరికీ చూపించారు.

జూలైలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఆ తర్వాతి తెల్లవారుజామున హేచరీ టెక్నీషియన్ ఫోన్. "అమ్మా, మీ స్క్రీన్ మీద 28 ఉంది, నా రిఫ్రాక్టోమీటర్‌లో 9 ఉంది, ఏది నమ్మమంటావ్?" మోటార్ వేసే ముందు అలవాటు కొద్దీ ఉప్పదనం కొలిచే ఆ చేతి పరికరంలో ఒక చుక్క చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ నీళ్లు లార్వా ట్యాంకుల్లోకి వెళ్లి ఉంటే నేనిప్పుడు ఇక్కడ పోస్టు పెట్టేదాన్ని కాదు, వేరే ఉద్యోగం వెతుక్కునేదాన్ని.

జరిగింది ఇది. గోదావరి నీళ్లు వచ్చి ఉప్పదనం 28 నుంచి 9కి పడింది. 9 అనేది 15 కంటే తక్కువ, పారేసింది. మర్నాడు 17కి పెరిగింది. రేంజ్ లోపలే ఉంది కానీ చివరిగా పంపిన విలువ 28, తేడా 11, అదీ పారేసింది. ఏదీ పంపకపోతే ఆ 28 ఎప్పటికీ మారదు కదా. నీళ్లు మళ్లీ 25 దాటేవరకు, అంటే ఆరు రోజులు, ఉప్పదనం సంగతిలో బోయా నోరు మూసుకుని కూర్చుంది. డాష్‌బోర్డ్ అయితే ఇంకా ఘోరం, చివరి మంచి విలువ 28ని అలాగే చూపిస్తూ ఉంది.

ఇది చాలదన్నట్టు సెప్టెంబర్‌లో దీనికి పూర్తి రివర్స్. ఉప్పదనం రోజుకు కొంచెం కొంచెంగా దిగుతూ ఐదు వారాల్లో 26 నుంచి 21కి వచ్చింది. ఒక్క రూల్ కూడా కుయ్యనలేదు, అన్నీ పచ్చ లైట్లే. హేచరీలో కొలిస్తే 27. బోయా పైకి తీసి చూస్తే వాహకత సెల్ లోపల కందిగింజంత గుల్లలు, వరసగా, ఎవరో నాటు వేసినట్టు.

నా ప్రశ్నలు ఇవీ. చెకింగ్ బోయాలో ఉండాలా, సర్వర్‌లో ఉండాలా? హద్దులు ఎలా పెట్టుకోవాలి? వరదకీ బుడగకీ తేడా ఒక మైక్రోకంట్రోలర్‌కి ఎలా చెప్పాలి?

---

కోడ్_కొబ్బరి

ఇంత ఆలోచన ఎందుకండీ, ఏఐ మోడల్ ఒకటి ట్రైన్ చేసి పెట్టేయండి. అనామలీ డిటెక్షన్‌కి, అంటే వింత విలువల్ని పట్టుకోవడానికి, రెడీమేడ్‌గా బోలెడు ఉన్నాయి.

---

పాత_లంగరు

అమ్మా, పై సలహాని కొన్నాళ్లు పక్కన పెట్టు. వరద సీజన్ ఒకటైనా పూర్తిగా చూడని మోడల్‌కి వరదే అనామలీ. నీ రెండు రూల్స్ చేసిన పనే అదీ చేస్తుంది, కరెంటు ఎక్కువ తాగి.

నేను పాతికేళ్లు లంగరు బోయాల సర్వీసింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఓడ ఎక్కి, బోయాని క్రేన్‌తో లేపి, గుల్లలు గీకి, మళ్లీ దింపడం. ప్రోగ్రామింగ్ నాకు అంతగా రాదు. నీళ్ల సంగతి కొంచెం తెలుసు.

ముందు ఒక మాట. కొలిచింది పారేసే హక్కు బోయాకి ఇవ్వకు. అనుమానం ఉంటే పక్కన ఒక అంకె వేసి పంపమను. సముద్ర డేటా నాణ్యత చూడటానికి అమెరికా వాళ్లు పెట్టుకున్న క్వార్టాడ్ పద్ధతిలో 1 అంటే పాస్, 2 అంటే ఇంకా పరీక్షించలేదు, 3 అంటే అనుమానం, 4 అంటే ఫెయిల్, 9 అంటే డేటా లేదు. ప్రపంచ సముద్రాల్లో మునిగి తేలుతూ కొలిచే ఆర్గో ఫ్లోట్ల డేటాలోనూ ఇలాంటి అంకెలే ఉంటాయి, కానీ జాగ్రత్త, అక్కడ 2 అంటే "బహుశా మంచిదే". రెండూ కలిపేసి తిప్పలు పడ్డవాళ్లని చూశాను. ఏదో ఒకటి ఎంచుకుని, ఏది ఎంచుకున్నావో ఫైల్ పైన రాసి పెట్టు.

డేటా చార్జీలు కలిసొస్తాయని రాశావు. రోజుకు 96 రీడింగ్‌లు, ఒక్కోటి నలభై బైట్లు అనుకున్నా రోజు మొత్తానికి నాలుగు కిలోబైట్లు కూడా రాదు. మా ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే ఒక్క శుభోదయం ఫొటో నీ బోయా వారం ఖర్చు కంటే బరువు.

ఇక బుడగ సంగతి. పావుగంటకి ఒక్క రీడింగ్ తీస్తున్నావు, అక్కడే ఉంది తిరకాసు. ఒక్క సాక్షి చెప్పింది అబద్ధమో నిజమో ఎవరు తేలుస్తారు? సెకనుకొకటి చొప్పున ఇరవై తియ్యి. వరసలో పేర్చి మధ్యది పంపు, దాంతోపాటు ఆ ఇరవై ఎంత చెదిరి ఉన్నాయో కూడా పంపు. బుడగ ఉంటే 28, 27.9, 4, 28, 11 ఇలా గెంతుతాయి. మధ్య విలువకి ఏమీ కాదు, చెదురు మాత్రం పెరుగుతుంది. గోదావరి నీళ్లయితే 9.1, 9.0, 9.1 అని ఇరవై ఒకే మాట మీద నిలబడతాయి. ఇది సర్వర్‌లో కూర్చుని చెయ్యలేవు, ఇరవై అక్కడికి రావు కాబట్టి. బోయాలో జరగాల్సిన పని ఇదీ.

స్పైక్ రూల్ (ఒక్కసారిగా గెంతి వెనక్కి వచ్చే విలువని పట్టేది) కూడా మార్చు. ఆర్గో వాళ్లు వాడే లెక్క చెప్తాను. వరసగా మూడు విలువలు తీసుకో. మధ్య విలువకీ, అటూ ఇటూ ఉన్న రెండింటి సగటుకీ ఉన్న తేడాలోంచి, ఆ రెండింటి మధ్య తేడాలో సగం తీసెయ్. వాళ్లు దాన్ని లోతు వెంబడి వాడతారు, కాలం వెంబడి కూడా పనిచేస్తుంది. నీ అంకెలతోనే చూడు. 28, 9, 28 వస్తే మధ్యది 19 తేడా, పక్కల తేడా సున్నా, మిగిలేది 19. అది స్పైక్. 28, 9, 9 వస్తే సగటు 18.5, తేడా 9.5, పక్కల తేడా 19లో సగం 9.5, మిగిలేది సున్నా. అంటే నీళ్లు మారాయి, సెన్సర్ బాగానే ఉంది. దీనికి పావుగంట ఆగాలి, అంతే. నువ్వు పాత విలువతో పోల్చడం వల్ల మొదటి మెట్టు దగ్గరే తలుపు వేసేసి తాళం లోపల మర్చిపోయావు.

హద్దుల గురించి. 15 ఎక్కడి నుంచి తెచ్చావు? ఆర్గో ప్రపంచమంతటికీ పెట్టుకున్న కింది హద్దే 2. అది నడిసముద్రానికి. నువ్వున్నది గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో. ఫెయిల్ అనేది సెన్సర్ కొలవలేని విలువకే వెయ్యి. ఆ లోపల, ఆ నెలకి ఇది వింత అనిపిస్తే 3 వెయ్యి. వరద తగ్గాక హమ్మయ్య అనుకోకు. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు బంగాళాఖాతం ఉత్తరం నుంచి గంగ, బ్రహ్మపుత్రల మంచినీరు కలిసిన ప్రవాహం మన తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. నీ దగ్గర చుక్క వాన లేకపోయినా ఉప్పదనం తగ్గుతుంది. ఏడాదంతటికీ ఒకే హద్దు పెడితే ఆ మూడు నెలలూ నీ బోయా దొంగ కేకలు పెడుతూనే ఉంటుంది.

రేపు ఎవరో అడిగారని బారోమీటర్ కూడా పెడతావు, కింది హద్దు 980 అని రాస్తావు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కల్స్. సరిగ్గా ఆ రోజు కోసమే కదా బోయా పెట్టుకునేది!

గుల్లల సంగతికి వస్తే, దాన్ని ఏ రూలూ పట్టుకోదు. సెల్ ఇరుకైతే కరెంటు తక్కువ పారుతుంది, ఉప్పు తగ్గినట్టే కనిపిస్తుంది, అదీ రోజుకి వెంట్రుకవాసి. మన గోరువెచ్చటి నీళ్లలో మూడు వారాలకి మించి వదలకు. రాగి తొడుగు వేస్తే కొంత ఆగుతుంది. తీసినప్పుడు వెంటనే గీకెయ్యకు. అదే సముద్రపు నీళ్లు ఒక బకెట్‌లో పట్టి, గుల్లలతోనే ఒక రీడింగ్ తియ్యి. తర్వాత శుభ్రం చేసి అదే బకెట్‌లో ఇంకో రీడింగ్. ఆ తేడా గుల్లలది. గడిచిన వారాల మీద ఆ తేడాని కొద్దికొద్దిగా పరిచి డేటా సరిచేసుకోవచ్చు. సెప్టెంబర్‌లో గీకేశావా?

---

బోయా_పిల్ల

గీకేశాను సర్. టూత్ బ్రష్‌తో, ఉత్సాహంగా. మీ మెసేజ్ చదివి నెత్తి కొట్టుకున్నా.

ఒక డౌట్. వరద నీళ్లు వచ్చే అంచు సరిగ్గా బోయా దగ్గరున్నప్పుడు ఇరవై రీడింగ్‌లూ చెదరవా? ఒక అలకి ఉప్పు నీళ్లు, ఇంకో అలకి ఏటి నీళ్లు తగులుతాయి కదా.

---

పాత_లంగరు

చెదురుతాయి. మంచి ప్రశ్న. అందుకే చెదురు ఎక్కువుంటే 4 కాదు, 3 వెయ్యి. తర్వాతి పావుగంటలో చెదురు తగ్గి విలువ కిందే నిలబడితే వెనక్కి వెళ్లి ఆ 3ని సర్వర్ 1 చేస్తుంది. ఇంకో సాక్షి కూడా ఉంది నీ దగ్గర. ఉష్ణోగ్రత వేరే సెన్సర్, దాన్ని నువ్వు పారెయ్యలేదు. జూలై డేటా తీసి, ఉప్పదనం ఆగిపోయిన గంటలో ఉష్ణోగ్రత ఏమైందో చూడు. ఇంకోటి, ఏటి నీళ్లు పోటుకి వెనక్కి తగ్గుతాయి, పాటుకి ముందుకొస్తాయి. పన్నెండు గంటల పాతిక నిమిషాలకోసారి ఆ ఊపు కనపడాలి. పాడైన సెన్సర్‌కి పోటూ పాటూ తెలియవు.

---

సియాటిల్_చలి

పెద్దాయన చెప్పినదానితో దాదాపు ఏకీభవిస్తూ, ఎక్కడ ఏది ఉండాలన్న దాని మీద నా రెండు పైసలు. మా ఊరు తుని, ఇప్పుడు సియాటిల్‌లో సముద్ర డేటా మీదే పని.

బోయాలో పెట్టేవి రెండే రకాలు ఉండాలి. ముడి డేటా ఉంటే తప్ప చెయ్యలేనివి (ఆ ఇరవై రీడింగ్‌ల లెక్క), వెంటనే బోయా ప్రవర్తన మారాల్సినవి. రెండోదానికి మంచి ఉదాహరణ సునామీ కోసం సముద్రం అడుగున పెట్టే పీడన రికార్డర్లు. అమెరికా డార్ట్ పరికరం గత మూడు గంటల డేటా నుంచి ఇప్పుడు నీటిమట్టం ఎంత ఉండాలో ముందే లెక్కేసుకుంటుంది. 15 సెకన్లకోసారి చూసి, తేడా ఉత్తర పసిఫిక్‌లో అయితే 3 సెంటీమీటర్లు దాటితే, అదీ వరసగా రెండుసార్లు దాటితే, నిద్ర లేచి గబగబా పంపడం మొదలుపెడుతుంది. గమనించారా, వింత విలువ వస్తే మీ బోయా నోరు మూసుకుంది, అది నోరు తెరుస్తుంది. మీరూ అలాగే చెయ్యండి. ఉప్పదనం 3 మారితే పావుగంట ఆగకుండా రెండు నిమిషాలకోసారి కొలవమనండి. రెండో సాక్షి కోసం అంతసేపు ఎదురుచూడక్కర్లేదు.

మిగతా అంతా, నెలవారీ హద్దులు, పక్క సెన్సర్‌తో పోలిక, అన్నీ సర్వర్‌లోనే. హద్దు తప్పని తెలిస్తే సర్వర్‌లో పది నిమిషాల్లో మార్చి పాత డేటా అంతా మళ్లీ నడిపించవచ్చు. బోయాలో అయితే పడవ మాట్లాడుకోవాలి. క్వార్టాడ్ పరీక్షల్లో చాలా పైథాన్‌లో ఐవోవోఎస్ క్యూసీ అనే ఉచిత లైబ్రరీగా ఉన్నాయి, కొత్తగా రాయకండి. అందులో ఫ్లాట్ లైన్ టెస్ట్ తప్పకుండా వాడండి. విలువ గంటల తరబడి కదలకపోతే అరుస్తుంది. మీ డాష్‌బోర్డ్ చూపించే అంకె మీద పెట్టి ఉంటే, ఆరు రోజులు నిలిచిపోయిన 28ని మొదటి ఉదయమే పట్టేసేది. అసలు నన్నడిగితే మీ రెండు రూల్స్ కంటే ఆ డాష్‌బోర్డే పెద్ద నేరం. టైమ్ లేకుండా అంకె చూపించకూడదు.

అన్నీ పచ్చ లైట్లే అన్నారు కదా, మీరు ఒంటరి కాదు. 2006లో ఒక పరిశోధన పత్రం 2003 నుంచి 2005 వరకు పై సముద్రం చల్లబడిందని చెప్పింది. పెద్ద గొడవ. 2007లో తేలిందేమిటంటే, కొన్ని ఆర్గో ఫ్లోట్లు కొలిచిన ఉష్ణోగ్రతకి తప్పు లోతు జతయింది, దానికి తోడు పాత పద్ధతిలో ఓడల మీద నుంచి వదిలే ప్రోబ్‌ల డేటా కొంచెం వేడి వైపు మొగ్గి ఉంది. ఏ ఒక్క విలువ చూసినా సముద్రంలో ఉండదగ్గదే. అన్నీ ఒకే వైపు తప్పడమే అసలు తప్పు. అది రేంజ్ టెస్ట్‌కి కనిపించదు, వేరే పరికరంతో పోలిస్తేనే కనిపిస్తుంది. మీకు ఆ వేరే పరికరం హేచరీ టెక్నీషియన్ జేబులో ఉంది. రిఫ్రాక్టోమీటర్‌కి ఒక అంకె అటూ ఇటూ అయినా, ఐదు తేడా వస్తే తెలిసిపోతుంది. ఆయన పొద్దున కొలిచింది వాట్సాప్‌లో పంపమనండి, సర్వర్‌లో రాసుకోండి.

పెద్దాయనతో ఒక్క చోట తేడా. 3ని తర్వాత 1 చెయ్యడం సరే, కానీ మొదట 3 వేసిన సంగతి కూడా దాచి ఉంచండి. ఆ క్షణంలో కస్టమర్‌కి ఏం చూపించామో రేపు ఎవరైనా అడుగుతారు.

---

ఉప్పాడ_కెరటం

అక్కా, పసుపు డ్రమ్ము మీదేనా? మా నాన్నవాళ్లు దాన్ని రోజూ చూస్తారు. ఒక మాట చెప్తాను, ఏమనుకోవద్దు. సెప్టెంబర్‌లో ఒక బోటు దానికి తాడేసి కట్టారు, వల చిక్కుకుంది, లాగేటప్పుడు లంగరు కూడా కాస్త జరిగింది. మీ జీపీఎస్ చూసుకోండి. మీ సెన్సర్ ఇప్పుడు పెట్టిన చోట లేదు. లంగరు తాడుకి సరిపడా ఒక వృత్తం గీసి, దాన్ని దాటితే ఫోన్ మోగేలా పెట్టండి.

జూలైలో ఎర్రనీరు వచ్చిన సంగతి మాకు ముందు రోజు సాయంత్రమే తెలుసు. నీటి రంగు గీత గీసినట్టు రెండుగా కనపడుతుంది, గుర్రపుడెక్క కొట్టుకొస్తుంది. ఒక్క ఫోన్ చేసి అడిగితే చెప్తాం. డ్రమ్ము మీద ఫోన్ నంబర్ రాయండి, పెద్దగా, తెలుగులో ఇది ఎందుకుందో కూడా రాయండి. సర్కారుదనుకుని ఎవరూ పట్టించుకోవడం లేదు.

---

బోయా_పిల్ల

తమ్ముడూ, జీపీఎస్ చూశాను. సెప్టెంబర్ రెండో వారంలో 140 మీటర్లు తూర్పుకి జరిగింది. ఆ కాలమ్ రోజూ వస్తూనే ఉంది, ఎవరం తెరిచి చూడలేదు. నంబర్ రాయిస్తున్నాం. నాన్నగారి నంబర్ మెసేజ్‌లో పంపు.

సర్, జూలై ఉష్ణోగ్రత తీసి చూశాను. ఉప్పదనం ఆగిపోయిన అదే గంటలో 29.6 నుంచి 28.3కి దిగింది. తర్వాత ఆరు రోజులూ రోజుకు రెండుసార్లు పైకీ కిందికీ ఊగింది, మీరు చెప్పిన పోటు పాటు లెక్కకి సరిగ్గా. సాక్షి అక్కడే ఉంది, నేనే పిలవలేదు.

ఇప్పటివరకు చేసినవి: బోయాలో ఇరవై రీడింగ్‌లు, మధ్య విలువ, చెదురు. ఏదీ పారెయ్యదు, ముడి డేటా ఎస్‌డీ కార్డులో కూడా రాస్తుంది. 3 మారితే రెండు నిమిషాలకోసారి కొలుస్తుంది. బ్యాటరీ మీద భయం ఉంది, అందుకని ఒక్క గంట వరకే పెట్టాను. బ్యాటరీ వోల్టేజీ, జీపీఎస్ కూడా ప్రతి ప్యాకెట్‌లో వెళ్తున్నాయి. డాష్‌బోర్డ్‌లో అంకె కింద "12 నిమిషాల క్రితం" అని వస్తుంది, గంట దాటితే అంకె బూడిద రంగు. అనుమానం ఉన్న విలువని దాచకుండా పసుపు రంగులో చూపిస్తున్నాం. మా బాస్‌కి ఇది నచ్చలేదు, గ్రాఫ్ మళ్లీ గజిబిజిగా కనిపిస్తోందట. హేచరీ ఆయనకి మాత్రం నచ్చింది. "పసుపు వస్తే నేనే ఒక చుక్క చూసుకుంటాలే" అన్నాడు.

నెలవారీ హద్దులకి నా దగ్గర ఏడాది డేటా కూడా లేదు, అందులో జూలై నేనే తినేశాను. ప్రస్తుతానికి హేచరీ వాళ్ల పాత రిజిస్టర్లు అడిగాను. నాలుగేళ్లవి ఉన్నాయి, రోజుకో అంకె, పెన్నుతో రాసినవి. నిన్నటి నుంచి ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నా.

ఒకటి మాత్రం తేలలేదు. కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున లీటరుకి 2 మిల్లీగ్రాముల దాకా పడి, పదింటికి 6కి ఎక్కుతోంది. ఇది నిజంగా నీళ్లదా, సెన్సర్ మీద పట్టిన పాచి రాత్రిపూట ఊపిరి పీల్చుకుంటోందా?

---

పాత_లంగరు

పాచే అయి ఉండొచ్చు. మీటరు లోతులో, అలలు కొట్టే చోట అంత కిందికి పడటం నాకు అనుమానంగానే ఉంది. ఈసారి ముందు బకెట్, తర్వాత బ్రష్.

---

బోయా_పిల్ల

ఆదివారం పొద్దున్నే తీస్తున్నాం సర్. ఉప్పాడ తమ్ముడి వాళ్ల బోటే మాట్లాడుకున్నాం. బకెట్లు రెండు కొన్నాను.